నాదే అన్నాడు గజేందర్

గజేందర్‌కు కోపం రాదని పేరు. తాటిచెట్టు మీద నుంచి పడి, నడుం కింద చచ్చుబడి ఏడాదిన్నర దాటింది. అయినా మంచం మీద పడుకుని ఇంటిల్లిపాదినీ తిట్టిపోసే మగవాళ్లలాగా ఒక్కనాడు పెళ్లాం మీద గొంతు లేపింది లేదు. కూర చల్లారినా తిన్నాడు, పక్క మార్చడం తల్లి మరిచిపోయినా ఊరుకున్నాడు. గల్లీలో ఆడవాళ్లు "మనిషంటే గజేందర్, నువ్వూ ఉన్నవ్ ఎందుకు" అని తమ మొగుళ్లను దెప్పేవాళ్లు. అంతటి మంచివాడు చేసిన పని ఇది.

వాళ్లది నారాయణరావుపేట. పొద్దున కల్లు దించడానికి ఎక్కినప్పుడు కమ్మల్లోంచి కందిరీగలు లేచాయి. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు, అంతే. ఆ తరువాత దవాఖానకు దగ్గరుండాలని సిద్దిపేటకు వచ్చి రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నారు. తల్లి అనసూర్య వంటా కొడుకు పనీ చూసుకునేది. భార్య వనజ బట్టల దుకాణంలో చీరలు చూపించే పనికి కుదిరింది. పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లల్లేరు. అతను పడడానికి కొద్ది రోజుల ముందు ఒక్కసారి కడుపు నిలిచింది గానీ, స్కానింగులో బిడ్డ బదులు నీళ్లబుగ్గల్లాంటివి కనబడ్డాయని చెప్పి కడిగేశారు. ఆ ఏడుపు పూర్తిగా ఏడవకముందే ఇతను చెట్టు మీద నుంచి పడ్డాడు. ఇంక ఆ సంగతి తలుచుకునే తీరిక ఎవరికుంటుంది?

గజేందర్ మంచం కిటికీ పక్కన. సాయంత్రం పూట గల్లీలోకి ఎవరొచ్చినా అతనికి కనబడతారు. వాన కురిసిన రోజుల్లో, పండుగ గిరాకీతో ఆలస్యమైన రోజుల్లో దుకాణం ఓనరు మహేశ్ తన బండి మీద వనజను మలుపు దాకా దింపిపోయేవాడు. గజేందర్ చూసేవాడు. ఏమీ అనేవాడు కాదు. లోపల ఏమీ అనుకోలేదని మాత్రం ఎవరూ ఒట్టు పెట్టలేరు. నడుం కింద స్పర్శ లేని మగవాడు, ముప్పై దాటని భార్య, సాయంత్రం పూట బండి చప్పుడు. అనుకోకుండా ఉండడానికి అతనేం రాయా?

ఆ ఎండాకాలం మొదట్లో వనజకు వాంతులు మొదలయ్యాయి. తిన్నది నిలిచేది కాదు. మొహం పాలిపోయింది. అనసూర్య కొన్నాళ్లు పైత్యం అనుకుని జీలకర్ర నీళ్లు కాచి ఇచ్చింది. తరువాత ఆమె చూపు మారింది. ఒకనాడు మెడికల్ షాపుకు పోయి పరీక్ష కిట్టు కొనుక్కొచ్చి కోడలి చేతిలో పెట్టి, స్నానాల గది తలుపు దగ్గర కాపలా నిలబడింది. కాసేపటికి వచ్చి ఆ కిట్టును కొడుకు ఛాతీ మీద పడేసింది.

"సూడు. నీ పెండ్లాం చేసిన ఘనకార్యం సూడు."

రెండు గీతలు ఎర్రగా, తప్పు పట్టడానికి వీల్లేకుండా ఉన్నాయి. గజేందర్ వాటిని చూశాడు, తల్లిని చూశాడు, తలుపు పట్టుకుని నిలబడ్డ వనజను చూశాడు. ఇన్నాళ్లూ భయపడుతూ వచ్చింది ఇదేనని అతనికి అప్పుడు తెలిసింది.

"నేనేం చెయ్యలే," అంది వనజ. కళ్లు దించలేదు. "నీ మీద ఒట్టు, నేనేం చెయ్యలే. నాకు నెత్తురు ఆగుతలేదు. ముట్టు వచ్చుడు వచ్చుడే, బందైతలేదు. లోపల ఏందో అయింది. నన్ను దవాఖానకు తీస్కపోన్రి."

"నెత్తురు పోతాంటే కడుపెట్ల నిలుస్తదే? ఎవరి చెవుల పూలు పెడ్తున్నవ్?" అంది అనసూర్య.

ఆ మాటకు వనజ దగ్గర జవాబు లేదు. ఆమెకూ తెలియదు కదా. తెలియని దానికి ఏం జవాబు చెబుతుంది? అత్త దృష్టిలో మాత్రం ఆ మౌనమే సాక్ష్యమైపోయింది.

ఆ వారం చివర గజేందర్ పెదనాన్న బుచ్చయ్య గౌడ్ నారాయణరావుపేట నుంచి వచ్చాడు. అనసూర్యే ఫోన్ చేసి ఏడ్చింది. కులంలో పెద్దమనిషి, నలుగురిలో మాట చెల్లేవాడు. చెడ్డవాడు కాదు, కేకలేయలేదు కూడా. కుర్చీ లాక్కుని కూర్చుని, చల్లనీళ్లు తాగి, నెమ్మదిగా చెప్పాడు.

"మంది నోళ్లు మనం మూయలేం బిడ్డా. ఒక్కటే తొవ్వ. కొమురెల్లి పోదాం. మల్లన్న ముంగట పసుపు బండారి చేతుల వట్టుకొని, నేను తప్పు చెయ్యలే అని ఒక్క మాట అను. ఇగ నిన్ను ఒక్కడు ఒక్క మాటంటే నేనడుగుత."

వనజ మొహం ఒక్క క్షణం వెలిగింది. "వస్త పెదమామా. ఇప్పుడు లెవ్వుమంటే ఇప్పుడే వస్త," అంది. అంటూనే ఆగిపోయింది. తల వంచుకుంది. "కని నేను గుడి ఎక్కరాదు గదా. నాకు ముట్టు ఆగుతనే లేదు. గిట్ల ఉండి బండారి ఎట్ల ముట్టుకోవాలె?"

బుచ్చయ్య గౌడ్ తువాలుతో మెడ తుడుచుకున్నాడు.

"కడుపుతోటి ఉన్నదానికి ముట్టేంది బిడ్డా?" అన్నాడు చివరికి, బాధగా.

ఎంత మంచి ప్రశ్న! ఏ డాక్టరైనా ఆ ప్రశ్న వింటే కుర్చీలోంచి లేచి నిలబడతారు. ఈ ఇంట్లోవాళ్లు మాత్రం దానికి జవాబు వెతకలేదు. ఆ ప్రశ్ననే జవాబు అనుకున్నారు. మల్లన్న ముందు అబద్ధమాడే ధైర్యం లేక వంక పెట్టింది, అయిపోయింది. అనసూర్య కొంగు నోట్లో కుక్కుకుంది. వనజ గోడకు ఆనుకుని నిలబడింది.

గజేందర్ చూపు ఆమె చేతుల మీద ఆగింది. చెట్టు మీద నుంచి పడ్డనాటి నుంచి తన మలమూత్రాలు ఎత్తిన చేతులవి. ఏదో బలహీనతలో జరిగిపోయి ఉంటుంది, ఎవరికి మాత్రం జరగదు, దానికి ఈమెను ఇలా నిలబెట్టి అడగాలా? అలా అనుకున్నాడు. అనుకున్నాక ఆగలేదు.

"కడుపు నాదే," అన్నాడు గజేందర్.

అందరూ అతని వైపు తిరిగారు.

"నాదే అంటున్న. డాక్టర్లు అన్నీ సచ్చిపోయినయ్ అన్నరు గని అన్నీ సావలే. మొగోన్ని నేను చెప్తున్న, ఇంకేం గావాలె మీకు? సిగ్గు లేకుంట మొగుడు పెండ్లాల ముచ్చట నలుగుట్ల అడుగుతరా?"

బుచ్చయ్య గౌడ్ అతని కాళ్ల వైపు చూడబోయి చూపు మరల్చుకున్నాడు. నమ్మాడో లేదో ఆయనకే తెలియాలి. మొగుడే నాదంటుంటే మూడోవాడు కాదనడానికి ఏముంది? లేచి "మంచిది, మంచిది" అంటూ చెప్పులేసుకున్నాడు. అనసూర్య మాత్రం నమ్మింది. నమ్మాలని ఎప్పటినుంచో కాచుకుని ఉన్న మనిషిలా నమ్మింది. వంశం నిలబడుతుందన్న మాట చెవిన పడితే ఆ తల్లి ఇంక దేన్నైనా నమ్ముతుంది. గబగబా వచ్చి కోడలి గడ్డం పట్టుకుని, "ముందే చెప్తే ఏం పోయె బిడ్డా, పాపిష్టిదాన్ని ఎన్ని మాటలంటి," అని ముద్దు పెట్టుకుని ఏడ్చింది.

వనజ ఏడవలేదు. గజేందర్‌ను చూస్తూ నిలబడింది. ఆ చూపులో కృతజ్ఞత ఉందేమోనని అతను వెతుక్కున్నాడు. కనబడలేదు. సిగ్గుపడుతోందని సర్దిచెప్పుకున్నాడు.

అత్త పాలప్యాకెట్టుకు పోయినప్పుడు ఆమె మంచం దగ్గరికొచ్చి కూర్చుంది.

"ఎందుకన్నవ్ గా మాట?"

"మన ఇజ్జత్ కోసం. నేనేం అడుగ, నువ్వేం చెప్పకు. పుట్టినోడు నా కొడుకే. నా నోట ఇగ ఈ ముచ్చట రాదు."

అంత గొప్ప మాట తను అనగలిగినందుకు అతని ఛాతీ నిండిపోయింది. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. వనజ అతని మొహంలోకి చాలాసేపు చూసి, "అంటే నువ్వు గూడ నమ్మినవన్నట్టు," అంది. అతను తల కిటికీ వైపు తిప్పుకున్నాడు. "నన్ను దవాఖానకు తీస్కపో. నీకు దండం పెడ్త. లోపలేందో ఉన్నది నాకు. నెత్తురు గడ్డలు గడ్డలు పడుతున్నయ్."

"తీపిచ్చుకుంటవా?" అన్నాడు గజేందర్ మెల్లగా. "వద్దు వనజా. ఉండనియ్యి."

ఆమె లేచి వంటింట్లోకి పోయింది. ఆ తరువాత చాలా రోజులు అతనితో అవసరానికి మించి మాట్లాడలేదు.

ఇక్కడ గజేందర్ మనసు కొంచెం విప్పి చెప్పాలి. ఆమె దవాఖానకు పోకూడదని అతను కోరుకోవడానికి జాలి ఒక్కటే కారణం కాదు. స్కానింగు తీస్తే ఎన్నో నెల అన్నది తెలుస్తుంది, డాక్టరు అతని కాళ్లు చూస్తుంది, ఏదో అడుగుతుంది, అబద్ధం బయటపడుతుంది. ఆడిన అబద్ధాన్ని కాపాడుకోవడం అతనికి ఒక పనైపోయింది. అందుకే వనజ అడిగినప్పుడల్లా "పోదాం తీ, జెర ఎండలు తగ్గనీ" అన్నాడు. అనసూర్య కూడా "కొందరికి అట్ల మరకలు అయితయి బిడ్డా, నీకు మొదటిసారి ఎట్లయిందో యాదికున్నది గదా, ఈసారి కాలు కింద పెట్టొద్దు," అని కోడలిని దుకాణం మాన్పించి, వాకిలి దాటనివ్వలేదు. ఒక్కతే పోతే కడుపు తీయించుకోవడానికి పోయిందంటారు. ఆ భయం వనజకూ ఉంది. ఇంట్లో నెయ్యి కాగింది, దానిమ్మలు వచ్చాయి, మామిడికాయ ముక్కలు వచ్చాయి. తిన్నదంతా కక్కుతూ, పాత చీరలు చింపుకుని మడతలు పెట్టుకుంటూ, వనజ రోజురోజుకూ తెల్లబడింది. తరువాత దగ్గు మొదలైంది.

పక్కింటి రబియాబీ చీరలకు ఫాల్స్ కుడుతుంది. వనజ దుకాణం నుంచే ఆమెకు చీరలు వచ్చేవి. వనజ రావడం మానేశాక, ఎలా ఉందో చూసిపోదామని ఒకనాడు మధ్యాహ్నం గోడ పక్క నుంచి పిలిచింది. బదులు రాలేదు. లోపలికొచ్చి చూస్తే వనజ వంటింటి గడప మీద కూర్చుని దగ్గుతోంది. నోటికి అడ్డం పెట్టుకున్న తువాలు మీద ఎర్రగా ఉంది. లేవబోయి అక్కడే ఒరిగిపోయింది.

"యా అల్లా! ఏం మనుషులయ్యా మీరు?" రబియాబీ కేక గల్లీ అంతా వినబడింది. "పెదవులు సూడు, సున్నం తీర్గ అయినయ్! అరే గజేందర్, నోట్లకెల్లి నెత్తురు వస్తే గూడ కడుపే అంటవా? నీ దిమాక్ గూడ పడ్డదా చెట్టు మీదికెల్లి?"

ఆటో పిలిపించింది. అనసూర్య గుండెలు బాదుకుంటూ ఉండిపోయింది. గజేందర్ "నేను గూడ వస్త, నన్ను ఎత్తున్రి" అని అరిచాడు. ఆ ఇంట్లో అతని గొంతు లేవడం అదే మొదలు. గల్లీలో ఇద్దరు మగవాళ్లు అతణ్ని ఎత్తి ఆటోలో కూర్చోబెట్టారు. వనజ తల అతని భుజం మీద వాలి ఉంది, అయినా ఆమె అతని చేయి పట్టుకోలేదు.

పెద్ద దవాఖానలో డాక్టర్ వందన చూసింది. మొదట రక్తం ఎక్కించారు. తరువాత స్కానింగు, ఛాతీ ఎక్స్‌రే, రక్తపరీక్ష. గజేందర్‌ను చక్రాల కుర్చీలో వరండాలో కూర్చోబెట్టారు. పొద్దు వాలేవేళకు డాక్టరు అతణ్ని లోపలికి పిలిపించింది. ఆమె నోరు తెరవకముందే అతను అందుకున్నాడు.

"కడుపు నాదే మేడం. మంది ఏమన్న చెప్తరు, నమ్మకున్రి. నాదే."

డాక్టరు అతని వైపు ఒక నిమిషం చూసింది. చాలామందిని చూసిన మనిషి, ఆశ్చర్యపోలేదు.

"నేను అది అడగలేదు గజేందర్ గారు. కడుపే లేదు," అంది.

అతనికి అర్థం కాలేదు.

"బిడ్డ లేదు. ఇప్పుడు లేదు, ఈ ఏడాదిల ఎప్పుడూ లేదు. ఇంతకుముందు ఎప్పుడన్న కడుపు నిలిచిందా ఆమెకు? పోయిందా?"

గజేందర్ చెప్పాడు. చెట్టు మీద నుంచి పడడానికి ముందు సంగతి, నీళ్లబుగ్గల సంగతి, కడగడం. డాక్టరు తల ఊపింది. ఆమె అనుకున్నదే అయినట్టుంది.

"కడిగినంక, నెలనెలా వచ్చి రక్తపరీక్ష చేయించుకోమని చెప్పలేదా?"

చెప్పారు. అతనికి ఇప్పుడు గుర్తొచ్చింది. మొదటిసారి పరీక్షకు పోవాల్సిన వారంలోనే అతను పడ్డాడు. ఆ నెలా, ఆ తరువాతి నెలలూ వనజ అతని మంచం పక్కనే కింద చాప వేసుకుని పడుకుంది. తన పరీక్ష సంగతి ఆమె ఎత్తలేదు, ఎవరూ అడగలేదు.

డాక్టర్ వందన నెమ్మదిగా విప్పి చెప్పింది. కడుపులో బిడ్డను పోషించేది మాయ. ఆ మాయ తయారవ్వాల్సిన కణాలే పాడై, అప్పుడు నీళ్లబుగ్గలయ్యాయి. కడిగినా కొన్ని మిగిలిపోయాయి. మిగిలినవి క్యాన్సర్ అయ్యాయి. గర్భసంచిలో పెరిగి, ఊపిరితిత్తులకు కూడా పోయాయి. దగ్గులో నెత్తురు అందుకే. ఇది చాలా అరుదుగా వచ్చే జబ్బు, ఆమె ఇన్నేళ్ల నౌకరీలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమందిలోనే చూసింది. గర్భం వచ్చినప్పుడు మాయ ఏ హార్మోన్ విడుస్తుందో ఈ గడ్డ కూడా అదే విడుస్తుంది. అందుకే కిట్టు మీద రెండు గీతలు. అందుకే వాంతులు.

"ముక్క తీసి పరీక్షకు పంపుడు గూడ ఈ జబ్బుల మంచిది కాదు, నెత్తురు ఆగదు. రక్తంల ఆ హార్మోన్ ఎంతున్నదన్నదే మనకు గుర్తు. అది లక్షలల్ల ఉన్నది. రేపు పొద్దున హైదరాబాద్ క్యాన్సర్ దవాఖానకు పంపిస్తున్న."

"బతుకుతదా మేడం?"

"మందులకు బాగ లొంగే క్యాన్సర్ ఇది. గర్భసంచి తీసే పని గూడ పడకపోవచ్చు. కని ఊపిరితిత్తుల దాకా పోయినంక వచ్చిన్రు. బలమైన మందులు పెట్టాలె, చానా రోజులు పెట్టాలె. రెండు నెలల కింద వస్తే ఇంత అయ్యేది కాదు." ఆమె కాగితాల మీద నుంచి తలెత్తింది. "నెత్తురు పోతుందని ఇంట్లో చెప్పలేదా ఆమె?"

చెప్పింది. మొదటి రోజు నుంచీ, దండం పెట్టి మరీ చెప్పింది. లోపలేందో ఉన్నది నాకు అన్న మాట, నేనేం చెయ్యలే అన్న మాట, రెండూ నిజమే. ఆ రెండు నిజాలూ ఒక్క నోటి నుంచే వచ్చాయి. అతను రెంటినీ నమ్మలేదు. అతనికి క్యాన్సర్ అన్న మాట కంటే ముందు ఆ సంగతే తగిలింది. సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయినట్టయింది. చక్రాల కుర్చీలో కూర్చుని, రెండు చేతుల్లో మొహం దాచుకుని, ఆడదానిలా ఏడుస్తున్నాడని ఎవరనుకున్నా సరేనని బావురుమన్నాడు.

వార్డులో వనజ మెలకువగానే ఉంది. డాక్టరు ఆమెకు ముందే చెప్పిందట. రక్తం సీసా వైపు చూస్తూ పడుకుంది. అతను కుర్చీ మంచానికి ఆనించి, "మాఫ్ చెయ్యి వనజా," అన్నాడు. "పాపిష్టోన్ని. మాఫ్ చెయ్యి."

"నువ్వే గదా నన్ను మాఫ్ చేసినవ్," అంది వనజ. గొంతులో బలం లేదు, అయినా ప్రతి మాటా తెలిసింది. "నేనేం చేసిన్నని మాఫ్ చేసినవ్? అత్తమ్మ తిడ్తే నాకు కోపమొచ్చింది. పెదమామ అనుమానపడితే బాధయింది. గాళ్లకు నేనేం తెలుసు? గని నువ్వు 'నాదే' అన్నవ్ సూడు, అప్పుడు సచ్చిపోయిన నేను. నువ్వు కొట్టినా బాగుండు. ఎవనిదే అని జుట్టు వట్టి అడిగినా బాగుండు. కాదని కొట్లాడేదాన్ని. నువ్వు అడగనే అడగకపోతివి."

రబియాబీ పక్కనే నిలబడి, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగింది.

హైదరాబాద్‌లో మందులు మొదలయ్యాయి. గజేందర్ పక్క మార్చాలి, కడగాలి, అనసూర్య కదిలే వీలు లేదు. అందుకని వనజ వెంట రబియాబీయే పోయేది. మందు పెట్టించుకుని రావడం, ఇంట్లో కొన్నాళ్లు పడుకోవడం, మళ్లీ పోవడం. జుట్టు పోయింది. నోరంతా పూసింది, పెరుగన్నం తప్ప ఏదీ మింగలేకపోయేది. ప్రతిసారీ రక్తం తీసి ఆ హార్మోన్ అంకె చూస్తారు. అంకె దిగితే మందు పనిచేస్తున్నట్టు. మొదట్లో బాగా దిగింది. మధ్యలో ఒకసారి ఆగిపోయింది. ఇలాగే ఉంటే మందు మార్చాలన్నారు. ఆ వారం ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

ఇంతలో ఊళ్లో మాట వేరే పుట్టింది. పుట్టదా మరి? మొగుడు కడుపు నాదే అన్నాడు, బిడ్డ ఏది? హైదరాబాద్ పోయి తీయించుకున్నారు, క్యాన్సర్ అనేది పైపై మాట. మహేశ్ పేరు కూడా మళ్లీ నలిగింది. గజేందర్ ఆడిన అబద్ధం ఇంకా కాళ్లేసుకుని తిరుగుతూనే ఉంది. దానితో ఇప్పుడు నిప్పు రాజుకుంది వనజ మీదే.

బుచ్చయ్య గౌడ్ పండ్లు పట్టుకుని చూడ్డానికొచ్చాడు. వనజ తలకు స్కార్ఫ్ కట్టుకుని గోడ పక్కన కూర్చుని ఉంది. "పోయిన బిడ్డ పోయె, తల్లి పానం దక్కితే సాలు," అన్నాడాయన ఓదార్పుగా. అనసూర్య నిట్టూర్చింది. పాపం, ఆమె మనసులో ఆ లేని మనవడు ఇంకా చావలేదు.

"బిడ్డ లేడు పెదబాపు," అన్నాడు గజేందర్. "ఎన్నడు లేడు. నేను అబద్ధమాడిన."

"ఏందిరా?"

"నా నడుం కింద అంతా సచ్చిపోయింది. అందరికెరికే. కడుపు నాది కాదు, ఎవనిది కాదు, అది కడుపే కాదు. రోగం. మిగిలిన మాయ పురుగై ఆమెను తిన్నది. ఆమె మొదటిరోజే చెప్పింది, నాకు నెత్తురు పోతుందని. మనం ముట్టుతో మల్లన్న గుడి ఎక్కరాదని వంక పెట్టిందనుకున్నం. నేను ఆమె తప్పు చేసిందనుకొని, దేవుడంతటోన్ని అయి మాఫ్ చేసిన." అతను మొహం తుడుచుకున్నాడు. "నారాయణరావుపేటల అందరికి చెప్పు. గజేందర్ పెండ్లాన్ని నమ్మలే, అబద్ధమాడి ఆమె పానం మీదికి తెచ్చిండు అని చెప్పు. నా పేరు పెట్టి చెప్పు."

బుచ్చయ్య గౌడ్ లేచి వచ్చి వనజ ముందు చేతులు జోడించాడు. ఆమె ఆయన చేతులు పట్టుకుని కిందికి దించింది. అనసూర్య వంటింట్లోకి పోయి తలుపు దగ్గరికేసుకుని ఏడ్చింది. గజేందర్‌కు ఆ రోజు ఎన్నాళ్లకో గుండె మీద నుంచి బరువు దిగినట్టయింది. వనజ అతనికి తన చేత్తో మంచినీళ్లు ఇచ్చింది. దానితో అంతా సర్దుకుందని, ఇంక తమ మధ్య ఏ పొరపొచ్చమూ లేదని అనుకున్నాడు.

తరువాతి విడత మందుకు పోయినప్పుడు అతనికి పొద్దున్నుంచీ మనసు మనసులో లేదు. ఈసారి అంకె దిగకపోతే మందు మారుస్తారు. ఫోన్ ఛాతీ మీద పెట్టుకుని పడుకున్నాడు. మధ్యాహ్నం మోగింది.

"తగ్గింది," అంది వనజ. "మంచిగ తగ్గిందంట. మందు గిదే ఉండనీ అన్నరు."

ఎంత మాట! అతను ఎగిరి గంతేయాల్సిన మాట. గంతేయలేడు గనక కనీసం నవ్వాల్సిన మాట. కానీ అతని బుర్ర ఎక్కడికో పోయింది. నా గుండె ఆగిపోతుందన్న భయంతో, దిగకపోయినా దిగిందంటోందేమో. ఆమె ఎప్పుడూ తన కష్టం దాచే మనిషి. ఆ అనుమానం కడుపులోంచి గొంతు దాకా రావడానికి రెప్పపాటు పట్టలేదు.

"నిజం చెప్పు వనజా," అన్నాడు. "నా కోసమని చెప్తలేవు గదా? డాక్టర్ ఏమన్నదో ఉన్నదున్నట్టు చెప్పు."

అవతల ఆమె ఊపిరి వినబడింది. వెనక ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నారు. తరువాత వనజ గొంతు, కొంచెం దూరంగా, ఫోన్ వేరేవాళ్లకు ఇస్తూ వినబడింది.

"సిస్టర్, మా ఇంటాయనకు జెర నువ్వు చెప్పు. నేను చెప్తే నమ్మడు."

"హలో? తగ్గిందండీ. చాలా తగ్గింది," అంది కొత్త గొంతు. "మీ ఆవిడ చెప్పింది నిజమే."

"ఆమెకియ్యున్రి. జెర ఆమెకియ్యున్రి సిస్టర్."

"లేదండీ, ఫోన్ నా చేతిలో పెట్టి లోపలికి పోయింది. మందు ఎక్కించే టైమ్ అయింది. సాయంత్రం దాకా మాట్లాడడం కుదరదు."